పిలిచిన ఇంజనే పలుకుతుంది

హాంబుర్గ్ ప్రధాన స్టేషన్‌లో యూ3 లైను ఎక్కితే, రైలు కాసేపు నేల కింద పోయి ఉన్నట్టుండి పైకి వచ్చి రేవు పక్కన వంతెన మీద పరిగెడుతుంది. బావుమ్‌వాల్ స్టేషన్‌లో దిగాలి. అక్కడిదాకా అంతా సాఫీ. తికమకల్లా ష్పైషర్‌ష్టాట్ అనే పాత గోదాముల పేటలో అడుగుపెట్టాకే. 1883లో కట్టడం మొదలుపెట్టిన ఎర్ర ఇటుక మేడలు, మధ్య మధ్య కాలవలు, వాటి మీద వంతెనలు. ఏ మేడ చూసినా పక్కదానికి కవలే. ఫోన్‌లో మ్యాపేమో నన్ను తిన్నగా కాలవలోకి నడవమంటోంది. మన ఊళ్లో అయితే కిళ్లీకొట్టు దగ్గర ఆగితే చాలు, అడగనివాళ్లు కూడా దారి చెబుతారు. ఇక్కడ అడగడానికి మనిషి కనపడితే కదా! తిరగ్గా తిరగ్గా ఒక మసాలా దినుసుల మ్యూజియం ఎదురైంది. మిరియాలు, పసుపు చూడ్డానికి టికెట్టు! ఈ లెక్కన మా అమ్మ పోపులడబ్బాకి గేటు పెట్టించి వసూళ్లు మొదలెట్టచ్చు.

నేను వెతుకుతున్నది మినియాటుర్ వుండర్‌లాండ్. ప్రపంచంలోకెల్లా పెద్ద మోడల్ రైల్వే. దీన్ని మొదలుపెట్టిన ఫ్రెడరిక్, గెరిట్ బ్రౌన్ కూడా కవలలే. అంతకు ముందు ఊళ్లో డిస్కో నడిపేవారు. 2000లో జ్యూరిచ్‌లో ఒక బొమ్మరైళ్ల దుకాణం చూసి ఫ్రెడరిక్‌కి చిన్ననాటి సరదా తిరగబెట్టింది. మరుసటి ఏడాది ఆగస్టుకల్లా తలుపులు తెరిచేశారు. ఇప్పుడు వెయ్యికి పైగా రైళ్లున్నాయి. అసలు రైలు 87 అడుగులుంటే ఇక్కడిది ఒక్క అడుగు.

లోపలికి వెళ్లగానే చీకటి పడింది. కరెంటు పోయిందనుకున్నాను, అలవాటు కొద్దీ. కాదట, రాత్రి అయింది. పావుగంటకోసారి ఇక్కడ పగలూ రాత్రీ వచ్చిపోతాయి. చీకటి ముసిరేకొద్దీ ఇళ్లలో దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతాయి, ఎవరో నిజంగా పొలం నుంచి వచ్చి స్విచ్చి వేసినట్టు. క్నుఫింగెన్ అనే లేని ఊళ్లో ఉన్నట్టుండి ఒక ఇల్లు అంటుకుంది. నీలం దీపాలు తిప్పుకుంటూ ఫైరింజన్లు బారులు తీరాయి. నా చిటికెనవేలంత లారీ ఒకటి వాటికి దారిచ్చి పక్కకి తప్పుకుంది. హైదరాబాదులో ఈ దృశ్యం చూసి ఎన్నాళ్లయింది!

ఆ లారీల సంగతి చెప్పాలి. రోడ్డు కింద సన్నటి తీగ ఉంటుంది. బండి ముందు చక్రాల దగ్గరున్న అయస్కాంతం దాన్ని పట్టుకుని పోతుంది. ఇది ఫాలర్ కంపెనీ పాత పద్ధతే. వుండర్‌లాండ్ వాళ్లు దానికి తమ సొంత ఎలక్ట్రానిక్స్ జోడించారు. బ్యాటరీ తగ్గితే బండి తనంతట తనే వెళ్లి ఛార్జింగు పెట్టుకుని వస్తుంది. 2011లో తెరిచిన విమానాశ్రయంలో విమానాలు రన్‌వే మీద పరిగెత్తి, కనీకనపడని కడ్డీల మీద గాల్లోకి లేచి గోడలోకి మాయమవుతాయి. నేను దాని ముందు కదలకుండా ఎంతసేపు నిలబడ్డానంటే, వెనక ఉన్న పిల్లాడొకడు మర్యాదగా దగ్గాడు.

ఆ పిల్లాడి తాతగారే నాకు అసలు పాఠం చెప్పింది. ఇంటి అటకగదిలో ఆయనకీ ఒక చిన్న రైల్వే ఉందట. బల్లల మధ్య సన్నటి దారిలో నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం మాట్లాడుకున్నాం. ఒకప్పుడు ఆజ్ఞ ఇచ్చేది పట్టాలకి, రైలుకి కాదు. వోల్టేజీ పెంచితే వేగం, తగ్గిస్తే ఆగడం. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసి కదిలేవి. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని నడపాలంటే పట్టాల్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకి ఒక స్విచ్చి పెట్టాలి. "నా బల్ల మీద రైళ్లకంటే స్విచ్చులే ఎక్కువుండేవి. బల్ల కిందికి దూరితే తీగల అడవి" అన్నారు.

1980లలో మెర్క్లిన్ కంపెనీ డిజిటల్ పద్ధతి తెచ్చింది. బెర్న్డ్ లెంజ్ అనే జర్మన్ ఇంజనీరు వేసిన బాటని 1990లలో అమెరికా మోడల్ రైల్వేల సంఘం ప్రమాణంగా తీసుకుంది. దాంతో ఆ ప్రమాణం పాటించే ఏ కంపెనీ ఇంజనైనా ఏ కంపెనీ కంట్రోలు పెట్టె మాటైనా వినడం మొదలైంది. ఇప్పుడు పట్టాలో కరెంటు ఎప్పుడూ ఒకే మోతాదులో ఉంటుంది, దానిలోనే ఆజ్ఞలు కలిసి పారుతుంటాయి. సికింద్రాబాద్ స్టేషన్ మైకులో అనౌన్స్‌మెంట్ అందరికీ వినపడినా మన బండి నంబరు వస్తేనే కదా సంచీ భుజానికెత్తుకుంటాం, అలాగన్నమాట. ప్రతి ఇంజన్లోనూ గోరంత డీకోడర్ ఉంటుంది. తన నంబరు విన్నదే కదులుతుంది. ఆగిన ఇంజనుకీ దీపం వెలుగుతూనే ఉంటుంది. స్పీకరు పెడితే, అసలు ఇంజన్ల దగ్గర రికార్డు చేసిన కూత, బ్రేకు కీచుమనడం కూడా వినిపిస్తుంది.

"మరి మీ చేతికి పని తగ్గిందా?" అని అడిగాను. తాతగారు నవ్వి, మనవడి చేతిలోని ఫోన్ వైపు చూపించారు. ఇంట్లో వీడు రైళ్లన్నీ దాంతోనే నడుపుతాడట. ఆయనకి మాత్రం తిప్పే గుండీ కావాలి. పాత ఇంజన్ల పొట్టవిప్పి డీకోడర్ టంకం వేసే పని ఇప్పటికీ ఆయనదే. తీగలు తగ్గాయి, భూతద్దం అవసరం పెరిగింది.

నాకు మరీ నచ్చింది ఇంకోటి. ఇన్ని కంప్యూటర్లున్నా పట్టా మీద దుమ్ము పడితే ఇంజను నత్తి నత్తిగా నడుస్తుంది. ఆజ్ఞ వచ్చేది ఆ పట్టాలోంచే మరి. దుమ్ము విషయంలో అటకగదికీ వుండర్‌లాండ్‌కీ తేడా లేదు, రెండుచోట్లా తుడవాల్సిందే. నేను చూస్తుండగానే కొండ మధ్యలోంచి ఒక ఉద్యోగి తల పైకి లేచింది, పట్టా తప్పిన పెట్టెను రెండువేళ్లతో ఎత్తి సర్ది మళ్లీ కొండలో మునిగిపోయింది. మన దగ్గర ఒక పెట్టె పట్టా తప్పితే క్రేను రావాలి, విచారణ సంఘం కూర్చోవాలి.

మీరు వెళ్తే ముందే టికెట్టు తీసుకోండి, జనం బాగా ఉంటారు. స్విట్జర్లాండ్ భాగంలో ఒక బొత్తాం నొక్కితే చిట్టి ఫ్యాక్టరీ నడిచి నిజమైన చాక్లెట్ చేతికొస్తుంది, పిల్లలకంటే ముందు వరసలో నిలబడండి. బయటికొచ్చాక ఆకలేస్తే రేవు దగ్గర ఫిష్‌బ్రోచెన్ దొరుకుతుంది. రొట్టె మధ్య ఊరబెట్టిన చేప, పచ్చి ఉల్లిపాయ. చేప అంటే పులుసే అనుకునే నాలుకకి మొదటి ముద్ద కష్టం. రెండో ముద్దకి కాస్త కారం ఉంటే బాగుండుననిపిస్తుంది. శాకాహారులు దాల్చినచెక్క వేసిన ఫ్రాంజ్‌బ్రోచెన్ అడగండి.

వెళ్లేముందు తాతగారు నన్నొక మాట అడిగారు: మీ దేశంలో ఇంజన్ల హారన్ ఎలా ఉంటుంది? నేను నోటితో చేసి చూపించాను, చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూశారు. శబ్దం రికార్డు చేసి పంపితే తన ఇంజనులో ఎక్కిస్తానన్నారు. తిరిగొచ్చాక కాజీపేట వెళ్లి ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాను, హారన్ దొరికింది. దానితోబాటు "చాయ్, చాయ్" కూడా పడింది. అది తీసేయనా అని రాస్తే, వద్దు, అలాగే ఉంచమన్నారు.