ఎత్తుకు పైఎత్తు

మన వాళ్ళకు ఎత్తు మీద మోజెక్కువ. పెళ్ళికొడుకు ఎత్తరి కావాలి. ఇంటి అరుగు ఎదురింటి అరుగు కంటే ఒక్క మెట్టయినా ఎత్తుండాలి. మా ఊరి ధ్వజస్తంభం పొరుగూరి దానికంటే ఎత్తని చెప్పుకోని పెద్దమనిషి మా ఊళ్ళో లేడు. ఒక్క కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం పట్నం కుర్రకారు ఈ ఆచారం మీద తిరగబడ్డారు. లక్షలు పోసి కారు కొంటారు, ఇంకొన్ని వేలు పోసి దాన్ని నేలకు దించుతారు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరకపోతే అదొక షోకు. కంపెనీ వాళ్ళు బిగించిన స్ప్రింగులు, షాకబ్జర్లు తీసేసి, మరలున్న గొట్టాలు బయట కొని వేయించుకుంటారు. ఆ మర మీద ఒక కాలరు రింగుంటుంది. స్ప్రింగు దాని మీద కూర్చుంటుంది. రింగు కిందకు తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. అంతవరకూ చిన్నపిల్లల ఆట లాగానే ఉంటుంది.

అలాంటి కారొకటి మా ఇంటికొచ్చింది. దాన్ని మళ్ళీ పైకెత్తటంలో ఫిజిక్సు ఎంతుందో, మా నాయనమ్మ ఎంతుందో చెప్పటానికే ఈ నాలుగు ముక్కలు.

మాది కృష్ణా డెల్టాలో కాలవకట్ట మీద ఊరు. నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద ఎంత మంచి రోడ్డు వేసినా నాలుగు కార్తెలు తిరిగేసరికి అలలు తేలుతుంది. అది చాలదన్నట్టు స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 1988లో వీటికి కొలతలు రాసి అచ్చు వేశారు. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, 17 మీటర్ల వ్యాసార్థం గల వృత్తంలో ఒక ముక్క. 3.7 వర్గాన్ని 17కు ఎనిమిది రెట్లతో భాగించి చూడండి, 10 సెంటీమీటర్లే వస్తుంది. లెక్క తెలిసినవాళ్ళు రాసిన రాత అది. మా ఊరి స్పీడ్ బ్రేకర్లకు వ్యాసార్థమంటూ లేదు. ఎవరింటి ముందు కంకర మిగిలితే అక్కడ పోసినవి.

కారు కొన్నది మా చిన్నాన్న. హైదరాబాదులో ఒక కుర్రాడు వాడుకుని అమ్మేసిన చిన్నకారు. చవగ్గా వచ్చిందని తెచ్చాడు. కొన్నది షికార్లకు కాదు. నాయనమ్మకు మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పట్నం తీసుకెళ్ళాలి. పోను 34 కిలోమీటర్లు, రాను 34. బస్సులో అయ్యేది కాదు, ఆటోలో అసలే కాదు.

మొదటి వారం బాగానే గడిచింది. ఎండు చేపలా ఉన్న మనిషి, ఎక్కడా మూలగలేదు. రెండో వారం మధ్యలో, ఒక బుధవారం రాత్రి, అన్నం కంచం పక్కకు జరిపి చెప్పింది. "ఒరేయ్, ఆ సూదులు నాకు నొప్పి కాదురా. ఆ బండే నొప్పి. గోతిలో కూర్చున్నట్టు కూర్చోవాలి, రోకలి పోటు లాగా నడుములో పొడుస్తుంది. ఇంక నేను రాను. నన్నొదిలెయ్యండి."

మా నాన్న గానీ చిన్నాన్న గానీ ఒక్క మాట మాట్లాడలేదు. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. నీరు ఒంట్లో నిలిచిపోతుంది, పొటాషియం పెరిగి గుండె మీదకొస్తుంది. మాటలు చెప్పి ఆవిడను ఒప్పించటం మా వల్ల కాని పని. డెబ్బయి నాలుగేళ్ళలో ఎవరి మాటా విన్న మనిషి కాదు. కాబట్టి మారవలసింది కారే.

చిన్నాన్న మర్నాడే పట్నంలో ఒక కొట్టుకు తీసుకెళ్ళాడు. వాళ్ళు అరగంటలో పని ముగించి పంపారు. స్ప్రింగు చుట్ల మధ్య మందపాటి రబ్బరు ముక్కలు ఇరికించారు. కారు రెండు వేళ్ళు లేచింది. శుక్రవారం నాయనమ్మను బతిమాలి ఎక్కించాం. కాలవ వంతెన దాటకుండానే "ఆపరా" అంది. కారు లేచింది గానీ పోటు ఇంకా పెరిగింది.

ఎందుకో మన పుస్తకంలోనే ఉంది. చుట్టల స్ప్రింగు బిగువు దాని తీగె మందం మీద, చుట్టు వ్యాసం మీద, పనిచేసే చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. చుట్లు తగ్గితే బిగువు పెరుగుతుంది. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టును రబ్బరుతో కట్టేస్తే మిగిలేది అయిదు చుట్ల స్ప్రింగు. ఎత్తు వస్తుంది, దానికి ధర మెత్తదనంతో చెల్లిస్తాం.

అప్పుడు మా ఊరి సెంటర్లో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి దగ్గరకెళ్ళాం. ఆయన కారు కింద దూరి, టార్చిలైటు వేసి చూసి, పడుకునే చెప్పాడు. "అబ్బాయ్, ఇది స్ప్రింగు మీద నిలబళ్ళేదు. రబ్బరు మీద కూర్చుంది."

నేనూ దూరి చూశాను. షాకబ్జర్ కడ్డీకి పైన ఒక రబ్బరు బుడిపె తొడిగి ఉంటుంది, బంప్ స్టాప్ అంటారు. చక్రం మరీ పైకొచ్చినప్పుడు ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా చివరి ఆసరా అది. పాత ఆసామి కారును ఎంత దించాడంటే, నలుగురు ఎక్కితే చాలు, ఆ బుడిపె అప్పటికే సగం నలిగి ఉంది. ఇంక గతుకు వస్తే స్ప్రింగుకు అణిగేందుకు చోటేదీ? దెబ్బ తిన్నగా నడుముకే. నాయనమ్మ చెప్పిన రోకలి పోటు అదే.

ఇక్కడ ఒక్క నిమిషం సిద్ధాంతం. రాబర్ట్ హుక్ 1678లో అచ్చు వేసిన సూత్రం మనందరం ఇంటర్‌లో వల్లె వేసిందే. సాగుదల ఎంతో బలం అంత. స్ప్రింగు బరువుకు ఎంత కుంగుతుందో తెలిస్తే, దాని మీద ఊగే బండి ఊపు కూడా తెలుస్తుంది. ఆ కుంగుదలంత పొడవున్న లోలకం ఏ వేగంతో ఊగుతుందో, బండీ అదే వేగంతో ఊగుతుంది. 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక ఊపు, ఉయ్యాల లాగా ఉంటుంది. 6 సెంటీమీటర్లే కుంగితే సెకనుకు రెండు. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది ఊపుల మధ్య కూర్చున్న మనిషి కడుపూ వెన్నూ ఎక్కువ బాధపడతాయి.

మరి కాలరు రింగు పైకి తిప్పితే ఏమవుతుంది? చిన్నాన్న "మెత్తబడుతుంది" అన్నాడు. మేస్త్రి "గట్టిపడదు, మెత్తబడదు" అన్నాడు. మేస్త్రి మాటే నిజం. స్ప్రింగు త్రాసును చూరుకు కట్టినా, దూలానికి కట్టినా, వేలాడే వంకాయల బరువు ఒకటే చూపిస్తుంది. అలాగే స్ప్రింగు కూర్చునే పీట ఎత్తు మారితే కారు ఎత్తు మారుతుంది గానీ, అదే బరువుకు స్ప్రింగు అంతే కుంగుతుంది. మారేదల్లా చక్రం కదలటానికి మిగిలే చోటు. పీట పైకి జరిపితే చక్రం పైకి రావటానికి చోటు పెరుగుతుంది, బుడిపె దూరమవుతుంది. అంతే చోటు కిందవైపు తగ్గుతుంది. ఎక్కడా కొత్తగా పుట్టుకొచ్చేది లేదు.

ఆదివారం పని పెట్టుకున్నాం. ముందు ఆ రబ్బరు ముక్కలు పీకి పారేశాం. సమంగా ఉన్న నేల కోసం కారును రైస్ మిల్లు సిమెంటు కళ్ళంలోకి తోలాం. నాలుగు టైర్లకూ చెప్పిన గాలి పట్టించాం. డ్రైవరు సీట్లో మనిషికి బదులు 75 కిలోల ధాన్యం బస్తా కూర్చోబెట్టాం. కొలత నేల నుంచి తీయకూడదు, టైరు అరుగుదల అందులో కలుస్తుంది. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుకు తీయాలి. ముందు రెండువైపులా 32.4 సెంటీమీటర్లు వచ్చింది. నోటుబుక్కు నా చేతికిచ్చారు, కొక్కెం లాంటి పానా మేస్త్రి పట్టుకున్నాడు.

జాకీ మీద లేపి, మరలకు పట్టిన కాలవ మట్టి ఇనుప బ్రష్షుతో గోకి, గ్రీజు రాసి, అడుగు రింగు వదులు చేసి తిప్పటం మొదలెట్టాడు. మర ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు. ముందు చక్రాలది మెక్‌ఫర్సన్ స్ట్రట్, మన చిన్న కార్లలో చాలావాటికి అదే. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో రూపొందించింది. అందులో స్ప్రింగు చక్రం పక్కనే నిలువుగా ఉంటుంది కనుక రింగు ఎంత లేస్తే కారు దాదాపు అంతే లేస్తుంది. పద్దెనిమిది చుట్లు తిప్పితే 36 మిల్లీమీటర్లు. వెనక అలా కాదు. ఈ కారులో స్ప్రింగు ఇరుసు కంటే ముందుకు, ఊగే చెయ్యి మధ్యలో కూర్చుంది. ఏతాం దూలం లాగా, మధ్యలో కాస్త ఎత్తితే చివర ఎక్కువ లేస్తుంది. పన్నెండు చుట్లకే 30 మిల్లీమీటర్లొచ్చింది.

జాకీ దించగానే కొలవబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. కారింకా మునివేళ్ళ మీద ఉంది." నిజమే. జాకీ దించినప్పుడు టైర్లు నేలను పట్టుకుని లోపలికి ముడుచుకుని ఉంటాయి, కారు దొంగ ఎత్తు చూపిస్తుంది. ముందుకు పది గజాలు, వెనక్కు పది గజాలు తోసి, నాలుగు మూలలూ చేత్తో అదిమాక కొలిచాం. కుడివైపు 36 సెంటీమీటర్లు, ఎడమవైపు 35.7.

"ఎడమది ఒక్కటీ చుట్టున్నర తిప్పితే సరి" అన్నాడు చిన్నాన్న. అక్కడ నులకమంచం గుర్తుచేసుకోవాలి. మంచానికి ఒక కోడు పొడుగైతే బరువంతా ఆ కోడు మీదా, దానికి ఐమూలనున్న కోడు మీదా పడుతుంది. మిగతా రెండూ తేలతాయి. కారూ అంతే. ఒక మూల లేపితే ఆ మూలా, ఐమూలా బరువెక్కుతాయి, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగొచ్చు. ట్రాక్టరు వాళ్ళు ఈ చిక్కును ఎప్పుడో తప్పించుకున్నారు. ముందు ఇరుసును నడిమధ్య ఒక్క పిన్ను మీద ఊగనిస్తారు, ముక్కాలిపీట లాగా. అందుకే గట్టు మీదకెక్కినా నాలుగు చక్రాలూ నేలనే ఉంటాయి. మాకు ఆ సదుపాయం లేదు కనుక, బస్తా ఒక పక్కనుందని కూడా లెక్కలోకి తీసుకుని, 3 మిల్లీమీటర్ల తేడాను అలాగే ఉంచాం.

సోమవారం నాయనమ్మను సీట్లో కూర్చోమన్నాం. ఇదివరకు గోతిలోకి దిగినట్టుండే సీటు ఇప్పుడు ఆవిడ తుంటి ఎత్తుకొచ్చింది. చెయ్యి పట్టుకోకుండా కూర్చుంది. వంతెన దాటాం, కంకర దిబ్బలు మూడూ దాటాం. ఎవరం అడగలేదు. పట్నం పొలిమేరలో తనే అంది, "పోటు లేదు. ఎగురుడుంది." ఇంతకంటే కచ్చితమైన కొలతను మా లేబొరేటరీలో ఏ పరికరమూ ఇవ్వలేదు. రోకలి పోటు బుడిపెది, అది పోయింది. ఎగురుడు బిగువు స్ప్రింగుది, అది రింగు తిప్పితే పోయేది కాదు.

చిన్నాన్నకు హుషారొచ్చింది. "ఇంకో పది చుట్లు తిప్పించు, జీపులా ఉంటుంది" అన్నాడు. మేస్త్రి నాలుగే తిప్పి, కాలవకట్ట మీద ఒక చుట్టు తోలమన్నాడు. ప్రతి గోతిలోనూ ముందు నుంచి "ఠక్" మని మోత. చక్రం గోతిలోకి దిగటానికి కిందవైపు చోటు చాలక షాకబ్జర్ కడ్డీ చివరంటా సాగి ఆగుతోంది. చక్రం గోతిలోకి దిగలేకపోతే ఆ క్షణం టైరు నేలను వదులుతుంది, పట్టు పోతుంది. బండి బరువు కేంద్రం లేచేకొద్దీ మలుపుల్లో ఒరుగుడూ ఎక్కువే. నాలుగు చుట్లూ వెనక్కి తిప్పించి, అడుగు రింగు బిగించి, మరల మీద పాత సైకిలు ట్యూబు చుట్టాడు మేస్త్రి. ఎత్తు మారితే చక్రాల వాలు కూడా మారుతుంది. అలైన్‌మెంటు సరిచేయించకపోతే టైర్లు ఒక అంచునే అరిగిపోతాయి. అదీ చేయించాం. ముందు భాగం ఎక్కువ లేచింది గదా, లైట్లు ఎదురొచ్చే సైకిలు వాళ్ళ కళ్ళల్లో పడుతుంటే వాటినీ కాస్త దించాం.

ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ 1948లో 2 సి.వి. అనే చిన్నకారును జనానికి చూపింది. దాన్ని తయారుచేసే ఇంజనీర్లకు కంపెనీ పెద్ద పెట్టిన షరతు ప్రసిద్ధం. దున్నిన చేలో గుడ్ల బుట్ట పెట్టుకుని పోయినా గుడ్డు పగలకూడదు. ఆయన ఎత్తు ఇంతుండాలని మొదలెట్టలేదు, గుడ్డుతో మొదలెట్టాడు. మెత్తని స్ప్రింగులు, చక్రానికి పైకీ కిందకీ బోలెడు చోటు ఆ షరతులోంచే వచ్చాయి. హైదరాబాదు కుర్రాడు అద్దంలో కారు అందంతో మొదలెట్టాడు. మేం నాయనమ్మ నడుముతో మొదలెట్టాం. మర అదే, రింగు అదే.

కంపెనీ వేసిన మెత్తని స్ప్రింగుల జత పాతది దొరికితే ఆ ఎగురుడు కూడా తీరుతుందని మేస్త్రి చెప్పాడు. మినుముల డబ్బు చేతికొచ్చాక చూద్దామని చిన్నాన్న ఒప్పుకున్నాడు. అంతదాకా ఈ పద్దెనిమిది చుట్లతోనే ప్రయాణం. ఆ బుధవారం మాట నాయనమ్మ మళ్ళీ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. ఆ తర్వాత ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు.

హుక్ సూత్రం మనకు పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. నిర్వచనం రాసి, గ్రాఫు గీసి వచ్చేస్తాం. ఆ గ్రాఫులో సరళరేఖ ఒకచోట ఆగిపోతుంది. ఎందుకాగిందని మనం అడగం, ఎవరూ అడగమనరు. కారు ఎత్తు ఎంతుండాలని నన్నడిగిన స్నేహితులకు మాత్రం ఇదే చెబుతున్నాను. అంగుళాల్లో చెప్పలేను. మీ రోడ్డు మీద, మీ మనుషులు ఎక్కి కూర్చున్నాక, చక్రానికి పైకి వెళ్ళటానికీ కిందకు దిగటానికీ చోటు మిగిలేంత. అంతకు తక్కువైతే షోకు, ఎక్కువైతే డాబు. రెంటికీ మధ్య ఎక్కడుందో చెప్పేది మాత్రం వెనక సీట్లో కూర్చున్న మనిషే.