కొమ్ముల కప్ప

మొయినాబాదులో మా ఇంటి వెనక ఒక నీటి గుంట ఉన్నది. తొలకరి వాన పడిన రాత్రి దాని చుట్టూ ఒకటే కప్పల అరుపులు. సెలవులకు చేవెళ్ల నుంచి వచ్చిన నా మనవడు తెల్లవారగానే సీసా ఒకటి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"తాతా! కొమ్ముల కప్ప దొరికింది! ఎవరూ చూడని కొత్త జాతి!" అన్నాడు.

ముందురోజు నేనే వాడికి కొమ్ముల కప్పల సంగతి చెప్పాను. అవి మన దేశానికి ఈశాన్యాన ఉన్న కొండ అడవుల్లో, రాలిన ఆకుల మధ్య ఉంటాయి. వాటి కంటి రెప్ప మీద చర్మం చిన్న కొమ్ములాగా మొనదేలి ఉంటుంది. ఎండుటాకు రంగులో ఉంటాయి కనక పక్కనే ఉన్నా కనపడవు. ఒకే జాతి అనుకున్న వాటిని శాస్త్రజ్ఞులు కొలిచి, జన్యువులు పోల్చి చూస్తే వేరు వేరు జాతులని తేలింది. 2018లో నాలుగు కొత్త జాతులకు పేర్లు పెట్టారు. గారో కొండల కప్పకు పెట్టిన పేరుకు "కొండల్లో దాగినది" అని అర్థం.

సీసాలోకి చూశాను. అది మన ఇళ్ల చుట్టూ తిరిగే గరుకు చర్మపు కప్ప. మూత బిగించి ఉండటంతో పాపం రొప్పుతున్నది. గబగబా మూత తీశాను.

"కళ్ల పైన ఉన్నవి కొమ్ములు కావురా, ఎముక గట్లు. దీనికి 1799లోనే శాస్త్రజ్ఞులు పేరు పెట్టేశారు," అన్నాను.

వాడి మొహం చిన్నబోయింది. "అయితే ఇది పాతదేనా? పారేస్తాను."

"2018కి ముందు ఆ కొండ కప్పలు లేవా?"

"ఉన్నాయి."

"పేరు లేని రోజుల్లో వాటి అడవిని కొట్టేసి ఉంటే?"

వాడు కాసేపు ఆలోచించాడు. తరవాత సీసా పట్టుకుని తనే గుంట దగ్గరికి నడిచాడు. కప్ప ఒక్క గెంతు గెంతి గడ్డిలో దూరింది. ఒడ్డున నీళ్లలో నల్ల పూసల దండలాగా దాని జాతి గుడ్లు కనిపించాయి. ఆ పక్కనే ప్లాట్ల కోసం పాతిన హద్దురాళ్లు కూడా కనిపించాయి.

"గుంట పూడ్చేస్తే ఇవి ఎక్కడికి పోతాయి, తాతా?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ రాత్రి వాడు పుస్తకం, పెన్సిలు తెచ్చి గుంట గట్టున నా పక్కన కూర్చున్నాడు. ముందు తేదీ వేశాడు. తరవాత చెవులు రిక్కించి విని, "మూడు రకాల అరుపులు" అని రాసుకున్నాడు.