అమెజాన్ నుంచి వచ్చిన అతిథి

ఆ మార్చి రాత్రి రెండు గంటల వేళ నిశ్శబ్దానికి నాకు మెలకువ వచ్చింది. ఆరు నెలలుగా ముందుగదిలో ఎడతెగక వినిపిస్తున్న ఫిల్టరు మోటారు గురగుర ఆగిపోయింది. కరెంటు పోయిందన్నమాట. టార్చిలైటు వేసి చూశాను. గాజుతొట్టిలో రెండడుగుల వెండి అరోవానా మూతిని నీటి పైకెత్తి, ఆత్రంగా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు పైకెత్తి పోస్తూ, అట్లా అయినా కొంత గాలి కలుస్తుందనే ఆశతో, తెల్లవారుజాము దాకా దాని పక్కనే కూర్చున్నాను.

అయిదు గంటలకు కరెంటు వచ్చింది. హమ్మయ్య అనుకునేలోగా ఫిల్టరు గొట్టం నుంచి నల్లటి మడ్డి తొట్టిలోకి చిమ్మింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. చేప పక్కకు ఒరిగింది. తొట్టి నీటిలో సగమైనా అప్పటికప్పుడు మార్చకపోతే అది బ్రతకదు. ఇంట్లో ఉన్న మంచినీరు వెనక వసారాలోని మూడు డ్రమ్ములు మాత్రమే. మళ్ళీ కుళాయి వచ్చేదాకా నలుగురు మనుషులకు అవే ఆధారం. నేను రెండు డ్రమ్ములు తొట్టిలో పోశాను. చేప నిలదొక్కుకున్నది. మూడవ డ్రమ్ము మూత మీద చెయ్యి వేసినప్పుడు వెనుక నుంచి మా అమ్మ గొంతు వినిపించింది: "ఏరా, మనిషికి లేని నీళ్ళు చేపకా?"

నా దగ్గర జవాబు లేదు. మూత మీది చెయ్యి తీసేశాను.

మా ఇల్లు పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో ఈ ఊరి పేరు అధికారికంగా శ్రీ విజయపురం అయింది గాని, మా అమ్మ నోట ఇప్పటికీ పోర్టుబ్లేరే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వేలాది తెలుగువారిలో మేమూ ఒకరం. ఈ దీవులపై ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అయినా జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఊరికి నీటి కటకటే. ధనిఖరి ఆనకట్టలో మట్టం తగ్గుతున్నకొద్దీ కుళాయి వచ్చే రోజుల మధ్య ఎడం పెరుగుతుంది. అటువంటి ఊళ్ళో 680 లీటర్ల గాజుతొట్టి పెట్టుకున్నవాణ్ణి తెలివైనవాడని ఎవరూ అనరు.

నిజానికి ఆ చేపను నేను కొనలేదు. పై వాటాలోని ఉద్యోగికి ప్రధాన భూభాగానికి బదిలీ అయింది. ఆయన దానిని వేలెడంత పిల్లగా ఉన్నప్పుడు చెన్నై నుంచి ప్రాణవాయువు నింపిన సంచిలో తెచ్చుకున్నాడట. ఇంట్లో అరోవానా ఉంటే అదృష్టమని ఎవరో చెప్పారు. అదృష్టం రెండడుగులు పెరిగేసరికి ఓడెక్కించడం అసాధ్యమైంది. "మీరు ఇంట్లోనే కూర్చుని రాసుకుంటారు గదా, మీకు తోడుగా ఉంటుంది" అని తొట్టితో సహా నాకు అప్పగించి వెళ్ళాడు. అనువాదకుడి జీవితంలో తోడు తక్కువేనన్న మాట నిజం. నేను కాదనలేకపోయాను.

అమెజాన్ పరీవాహకంలో వరదనీట మునిగిన అడవులు దాని స్వస్థలం. కొమ్మ మీది పురుగు కోసం నీటి నుంచి నిలువునా ఎగురుతుంది; అందుకే దానికి నీటి కోతి అనే ముద్దుపేరు. గవదకు రెండు మీసాలు, అద్దపు బిళ్ళల వంటి పొలుసులు, ఆకాశం వంక చూసే కళ్ళు. మగచేప గుడ్లను, ఆ తరువాత పిల్లలను నోటిలో పెట్టుకుని వారాల తరబడి కాపాడుతుంది. మూడడుగుల దాకా పెరగగల ఈ వేటచేపకు జంగ్లీఘాట్ బజారు నుంచి నేను రొయ్యలు తెచ్చేవాణ్ణి. మా ఇంట రొయ్యల కూర తగ్గిందనే ఫిర్యాదు అప్పటినుంచే మొదలైంది.

ఆ రాత్రి జరిగిన దానికి కరెంటును తప్పుపట్టి ఊరుకోవచ్చు. కాని కారణం వారం ముందే నా చేతులతో జరిగింది. అది చెప్పాలంటే ఫిల్టరు పని కొంచెం వివరించాలి.

ఫిల్టరంటే మురికిని ఆపే జల్లెడ అని నేను చాలాకాలం అనుకున్నాను. మురికి కంటికి కనిపిస్తుంది గనుక అది చిన్న శత్రువు. పెద్ద శత్రువు నీటిలో కరిగి ఉంటుంది. 100 గ్రాముల రొయ్య మాంసంలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, వాటిలో సుమారు 3 గ్రాముల నత్రజని ఉంటాయి. చేప తిన్న నత్రజనిలో అధికభాగం దాని మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకే తిరిగి వస్తుంది. నదిలో అది కొట్టుకుపోతుంది. తొట్టిలో పోవడానికి చోటు లేదు. చేప తన విషంలోనే తాను ఈదుతుంది. లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు చేరినా మొప్పలు మండిపోతాయి.

దానిని హరించేవి ఫిల్టరులోని స్పాంజికీ, రాళ్ళకూ అంటుకుని జిగురు పొరలా బ్రతికే సూక్ష్మజీవులు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా, మరొక జాతి ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతంలో వీటిని వేరుచేసి చూపినప్పటినుంచి ఈ పనికి రెండు జాతులు కావలసిందేనని లోకం నమ్మింది. రెండు పనులనూ ఒంటిచేత్తో చేసే జీవి ఉన్నదని 2015లో రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. అందులో ఒక బృందానికి అది దొరికింది చేపల పెంపకానికి అమర్చిన ఫిల్టరులోనే! కొత్త తొట్టిలో ఈ జీవులు నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి ఎల్లవేళలా ప్రాణవాయువు కావాలి. క్లోరిన్ వాటికి గిట్టదు.

నేనేం చేశాను? అంతకు వారం ముందు, ఇల్లు సర్దే ఉత్సాహంలో ఫిల్టరు విప్పి, గోధుమరంగు జిగురు పట్టిన స్పాంజిలన్నిటినీ బ్లీచింగు వాసన కొడుతున్న కుళాయి నీటి కింద పిండి పిండి కడిగాను. తెల్లగా వచ్చాయి. సంతోషించాను. అతిగా శుభ్రం చేసిన వాక్యంలో ప్రాణం పోవడం నా వృత్తిలో రోజూ చూసేదే. అయినా స్పాంజి దగ్గర ఆ సంగతి తోచలేదు. ఆనాటినుంచి అమ్మోనియా పేరుకుంటూనే ఉండి ఉండాలి. ఇక మూతబిగించిన డబ్బా ఫిల్టరులో మిగిలిన కొద్దిపాటి జీవులకు మూడు గంటల కరెంటు కోతతో గాలి అందక అవీ చచ్చాయి. మళ్ళీ మోటారు తిరగగానే ఆ కుళ్ళంతా చేప ముఖాన కొట్టింది.

మరునాడు ఇంట్లో ఎవరూ స్నానం చేయలేదు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడవనాడు, మాకు చేపలు తెచ్చే జంగ్లీఘాట్ తాత వచ్చాడు. భావనపాడు ప్రాంతం నుంచి కుర్రతనంలో వచ్చి, ఈ సముద్రం మీదనే ముసలివాడైన మనిషి. తొట్టిలోకి తొంగిచూసి అతను ఒక్కటే మాట అన్నాడు: "గెడ్డలో ఒగ్గీండి బాబూ. దాని బతుకేదో అది బతికీస్తాది."

ఆ మాట నాకు అమృతంలా వినిపించిందని ఒప్పుకోవాలి. చేపకు స్వేచ్ఛ, అమ్మకు నీళ్ళు, నాకు నిద్ర. ఆ సాయంత్రమే చోటు చూడడానికి ఊరి బయట అడవి అంచున పారే ఒక గెడ్డ దగ్గరకు వెళ్ళాను. వేసవి గనుక పారకం సన్నగిల్లి, రాళ్ళ మధ్య మడుగులు మిగిలాయి. ఒడ్డున కూర్చున్న కాసేపటికి ఆకుల నీడలో ఒక జానెడు చేప మెల్లగా పైకి వచ్చి, గుక్కెడు గాలి మింగి, నీలి ఛాయ తళుక్కున మెరిపించి రాతి కిందికి జారిపోయింది.

దానిని చూడగానే గుర్తుపట్టాను. కొర్రమీను వంశానికి చెందిన బుల్లి చేప అది. ప్రధాన భూభాగంలో దొరికే జాతే ఇక్కడా ఉన్నదని ఎంతోకాలం అనుకున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లోని కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2018లో, ఇది అండమాన్‌కే చెందిన వేరే జాతి అని తేల్చి, చన్నా రాయీ అని పేరు పెట్టారు. అంటే శాస్త్రం దానికి పేరు పెట్టి పదేళ్ళు కూడా కాలేదు. అంతటి మడుగులోకి నేను రెండడుగుల అమెజాన్ వేటగాణ్ణి దింపబోతున్నాను!

ఒంటరి అరోవానా సంతానం కనదు, నిజమే. కాని దానికి ఆకలి వేస్తుంది. దాని మొప్పలలో, పేగులలో ఏ పరాన్నజీవులు చెన్నై నుంచి వచ్చాయో నాకు తెలియదు. ఈ దీవులకు ఇటువంటి అతిథులు కొత్త కావు. మన పొలాలలో వాన రాగానే బెకబెకమనే బోదురు కప్ప అండమాన్‌కు చెందినది కాదు. చెరువులలో వేయడానికి తెచ్చిన చేపపిల్లలతోపాటు వచ్చిందని పరిశోధకులు చెబుతారు. దాని తోకకప్పలు ఇక్కడి కప్పల తోకకప్పలను తినేస్తాయి. బ్రిటిష్ వారు వేటకోసం వదిలిన చుక్కల జింకలు, తినే పెద్ద జంతువు లేక, అడవిలో మొలకను మొలకగా ఉండనివ్వడం లేదు. 2023లో కాశ్మీరులోని దాల్ సరస్సులో ఉత్తర అమెరికా ఎలిగేటర్ గార్ ఒకటి దొరికింది. అది ఈదుకుంటూ రాలేదు గదా; నా వంటి దయాళువు ఎవరో వదిలి ఉంటాడు.

చీకటిపడే దాకా అక్కడే కూర్చున్నాను. నాకు ఫిలిప్ గాస్ గుర్తుకు వచ్చాడు. ఆక్వేరియం అన్న మాటను ఇంటింటి మాటగా చేసినది 1854లో వచ్చిన ఆయన పుస్తకం. దానిని చదివి ఇంగ్లండు జనం సముద్రతీరాలకు ఎగబడ్డారు. కళాశాలలో మాకు పాఠ్యగ్రంథంగా ఉన్నది మాత్రం కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో రాసిన ఆత్మకథ. తండ్రి పుస్తకాలు చదివి ఉత్సాహపడ్డ వారే ఆ రాతిగుంటలను ఊడ్చి పాడుచేశారని, తండ్రి బ్రతికుండగానే ఆ దుఃఖం అనుభవించాడని కొడుకు రాశాడు. పరీక్షలో దీని మీద నేను నాలుగు పేజీల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ జవాబుకు అర్థం పాతికేళ్ళ తరువాత ఒక గెడ్డ ఒడ్డున తెలిసింది.

ఖాళీ చేతులతో ఇంటికి వచ్చి, అమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె విని, "అయితే దానికి వేరే నీళ్ళు చూడు. నా డ్రమ్ములు ముట్టకు" అంది. న్యాయమైన షరతు.

వర్షాలు రావడానికి ఇంకా రెండు నెలలు. మేత వారానికి రెండు రోజులకు తగ్గించాను. మేత తగ్గితే అమ్మోనియా తగ్గుతుంది, పెద్ద వేటచేప ఆ పస్తును సులభంగా ఓర్చుకుంటుంది. గెడ్డలో వదలమన్న తాతే తన బంధువుల బావి నుంచి రోజూ రెండు క్యానుల నీరు తోపుడు బండిమీద తెచ్చిపెట్టాడు. డబ్బు ఇవ్వబోతే, "చేపని చంపి తిన్నోడిని గానీ, చేపకి నీలు అమ్మినోడిని గాదు బాబూ" అన్నాడు.

ఈలోగా కింద వసారాలో సిమెంటు తొట్టి కట్టించాను: ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు, సుమారు 2,200 లీటర్లు. భూకంప ప్రమాదం అత్యధికమైన ఈ దీవులలో గాజు కంటే అది నయం. పైకి చూసే కళ్ళున్న చేపకు పైనుంచి మనిషి కనిపించడమూ నయమే. చేప ఎగిరిపోకుండా పైన వల. డబ్బా ఫిల్టరుకు బదులు మూడు ప్లాస్టిక్ డ్రమ్ములు. మొదటిదానిలో ముతక స్పాంజి మలినాన్ని ఆపుతుంది. రెండవది తెరిచిన డ్రమ్ము: చిల్లుల పళ్ళెం మీద పడిన నీరు రంధ్రాల రాళ్ళ మీదుగా బొట్లు బొట్లుగా గాలిలో జారుతుంది. కరెంటు పోయినా తడిరాళ్ళకు గాలి తగులుతూనే ఉంటుంది గనుక సూక్ష్మజీవులు గంటల తరబడి బ్రతుకుతాయి. మూడవదానిలో మనీప్లాంటు వేళ్ళు. నైట్రేట్ వాటికి ఎరువు. ఇప్పుడు స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటితోనే, అదీ మురికిగా ఉండగానే కడగడం ఆపేస్తాను. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి చేతికందేచోట ఉంటుంది.

నీరు ఆకాశం నుంచి. చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వర్షం పడితే ఒక లీటరు. మా రేకుల కప్పు 60 చదరపు మీటర్లు; లెక్కకు ఏడాదికి 1,80,000 లీటర్లు! ఇన్నేళ్ళుగా అదంతా కాలువపాలు చేశాము. అయితే వాననీటిలో సున్నం ఉండదు. అది లేనిదే నీరు క్రమంగా పులిసి, సూక్ష్మజీవులు పని మానుకుంటాయి. తీరాన దొరికే పగడపు ముక్కలు వేయమన్నారు ఒకరు. పగడానికి వన్యప్రాణి రక్షణ చట్టం రక్షణ ఉన్నది. పైగా గాస్‌ను చదివినవాణ్ణి. మూలికల అంగడిలో దొరికే సముద్రపు నురుగు, అంటే కటిల్‌ఫిష్ ఎముక, తెచ్చి డ్రమ్ములో వేశాను. కొత్త సిమెంటులోని సున్నం ఎలాగూ మొదట్లో అతిగా ఊరింది. రెండు నెలలు వాననీరు నింపుతూ పారబోస్తూ దానిని విరిచాము. పారబోసినదంతా కొబ్బరి మొదళ్ళకు పోయింది.

మే నెలలో మొదటి వాన ఒక మధ్యాహ్నం హఠాత్తుగా వచ్చింది. కొత్తగా బిగించిన గొట్టం కింద పెట్టడానికి నేను డ్రమ్ము దొర్లించుకుంటూ పరుగెత్తేసరికి, అమ్మ తడుస్తూ నిలబడి అప్పటికే తన బిందె అక్కడ పెట్టింది. అది నిండేదాకా నేనూ డ్రమ్మూ వానలో వేచి ఉన్నాము.