ఎఱ్ఱన చేసిన పని

ఒకరు ఆరంభించి విడిచిన గ్రంథమును మఱియొకరు పూరించుట, స్వతంత్రముగా గ్రంథమును రచించుటకంటె కష్టతరమని నా యభిప్రాయము. రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమునందలి ఎఱ్ఱాప్రగడ, నన్నయ భారతమున విడిచిన అరణ్యపర్వ శేషమును నన్నయయే రచించినట్లు పూరించి, తన ప్రభువును గాక రాజరాజనరేంద్రునే కృతిపతిగా నిలిపి, నన్నయ ధోరణితో మొదలిడి మెల్లమెల్లగా తిక్కన ధోరణిలోనికి దిగినాడని విమర్శకులు చెప్పుదురు. అప్పటికి రాజధాని అద్దంకి; దానిని కొండవీటికి మార్చినవాడు ప్రోలయ వేముని కుమారుడు అనవోతారెడ్డి. అయినను కొండవీటివారము ఎఱ్ఱనను మావాడనుకొనుట మానలేదు, మానబోము.

కొండవీటి దిగువ పల్లెనుండి నరసరావుపేటకు పోయి ఇంజనీరింగు చదువుచున్న ఒక అమ్మాయి, నేను మెంటరుగా నున్న ఓపెన్ సోర్సు యంత్రానువాద ప్రాజెక్టులో పనిచేయవలెనను కోరికతో నాయొద్దకు వచ్చినప్పుడు, నేను ముందుగా చెప్పినది ఈ కథయే. “కోడు సంగతి అడిగితే భారతం చెబుతున్నారేమిటి సార్?” అని ఆమె నవ్వినది. ఆ ప్రాజెక్టునకై పదిమంది ఏండ్ల తరబడి కట్టుచు వచ్చిన నిఘంటువును ఆమె ఒక్క రాత్రిలో తనకు నచ్చిన తీరున మార్చి, మఱునాడుదయము నాకు పంపినప్పుడు మాత్రము ఆ కథను మఱల గుర్తుచేయవలసివచ్చినది.

మెంటరనువాడు చేయవలసిన పనిలో అధికభాగము చేయి వెనుకకు తీసికొనుటయే. “ఆమె వచ్చింది”, “జ్వరం వచ్చింది” అను రెంటను తెలుగునందు క్రియ యొక్కటియే. హిందీలో స్త్రీ వచ్చినప్పుడు ఒక రూపము, జ్వరము వచ్చినప్పుడు వేఱొక రూపము. అమ్మాయి వ్రాసిన నియమము రెంటిని స్త్రీలింగమునకే అప్పగించినది. అది చూచినంతనే దిద్దవలెనని నా వ్రేళ్లు తొందరపడినవి గాని, దిద్దక, జ్వరమును జీతమును కోపమును వచ్చు వాక్యములు కొన్ని వ్రాసి పంపి, “ఇవి నడిపించి చూడమ్మా” అని మాత్రమే అంటిని. సాయంకాలమునకు ఆమెయే తప్పు పట్టుకొని, కర్తయొక్క లింగమును నిఘంటువునుండి తెచ్చుకొనునట్లు నియమమును మార్చి, ఆ వాక్యములను పరీక్షలుగా చేర్చి పంపినది. ఈసారి వచ్చిన మార్పు కొలది పంక్తులే.

యంత్రానువాద రంగమున తెలుగు వెనుకబడి మొదలైనది కాదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు పాణినీయ దృష్టితో ఆరంభించిన ‘అనుసారక’, హైదరాబాదునకు తరలి అచ్చటి కేంద్రీయ విశ్వవిద్యాలయమునందును ట్రిపుల్ ఐ.టి.యందును పెరిగి, తెలుగు కన్నడాదులనుండి హిందీకి దారి వేసినది. 1995లో వెలువడిన వారి గ్రంథముపై ‘అక్షర భారతి’ యను సమష్టి నామము ముందు నిలిచి, వ్యక్తుల పేళ్లు దాని వెనుక నున్నవి. స్పెయినులోని అలికాంతె విశ్వవిద్యాలయమున పుట్టిన ఓపెన్ సోర్సు అనువాద వ్యవస్థ అపెర్టియం సైతము ఇట్లే పదుగురి చేతులమీద పెరుగుచు, 2009 నుండి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ద్వారా విద్యార్థులను చేర్చుకొనినది.

ఇప్పుడు న్యూరల్ పద్ధతి వచ్చి నియమములు వ్రాయువారి ప్రాభవము తగ్గినమాట నిజమే. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఎ.ఐ.ఫర్ భారత్ వారు 2023లో ఇండిక్‌ట్రాన్స్2 అను అనువాద నమూనాను విడుదల చేసి, రాజ్యాంగపు షెడ్యూలులోని 22 భాషలకును వర్తింపజేసి, దానిని ఎల్లరకు అందుబాటున నుంచిరి. అనువాదపు సాఫీదనమున పాత యంత్రములు దానికి సాటిరావు. అయినను, పని నేర్చుకొనువారికి నేను పాతదారినే సూచింతును. ఎందుకనగా నియమము తప్పినచో ఎచ్చట తప్పినదో వ్రేలుపెట్టి చూపవచ్చును, కోట్లకొలది సంఖ్యల నడుమ దాగిన తప్పును అట్లు చూపుట నావల్ల కాదు.

పని ముగిసిన పిమ్మట తన నియమమునకు వివరణ వ్రాయుమని నేనన్నప్పుడు అమ్మాయి ముఖము చిన్నబోయినది. వివరణ వ్రాయుట చిన్నపని కాదు; ఈ కొండవీటి రాజ్యముననే కాటయ వేముడు, మంత్రియై రాజ్యభారము మోయుచునే కాళిదాసు నాటకములు మూడింటికి వ్యాఖ్య రచించి, దానికి తన ప్రభువును బావమఱదియునైన కుమారగిరిరెడ్డి పేర ‘కుమారగిరిరాజీయ’మని నామకరణము చేసినాడు. మంత్రికి లేని చిన్నతనము మనకేల? ఆమె వ్రాసినది, అదియు తెలుగున వ్రాసినది.

ఇట్టి పనులలో చేరుటకు కంప్యూటరు పట్టా అక్కఱలేదు. సమ్మర్ ఆఫ్ కోడ్ సైతము 2022 నుండి విద్యార్థులు కానివారికిని తెఱువబడినది. యంత్రము వ్రాసిన తెలుగును చదివి, ఇది తెలుగు, ఇది కాదని నిర్ణయించువారు మాకు మిక్కిలి కొఱతగా నున్నారు. పల్నాటి పాఠశాలలలో ఏటేట వేలకొలది జవాబుపత్రములు దిద్దు తెలుగు ఉపాధ్యాయులారా, వేసవి సెలవులలోనైన వచ్చి, మా వాక్యములను గూడ దిద్దిపెట్టుడు.