బెండమడికి సెలవుల్లేవు

బెండ కాపుకొచ్చాక రోజు విడిచి రోజు కోయాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే, కొన పట్టుకోగానే టప్పున విరగాల్సిన కాయ పీచెక్కి వంగుతుంది. దసరాకి హాస్టళ్ళు ఖాళీ అయి మళ్ళీ నిండేలోగా మడి మడంతా ముదిరి, విత్తనానికి తప్ప కూరకు పనికిరాదు. విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు కలిసి వేసిన తోట పాడుబడితే అందరూ పిల్లల బద్ధకాన్నే తిడతారు. నా లెక్కలో తప్పు క్యాలెండర్‌ది. మొక్కది ఒక పంచాంగం, పరీక్షల విభాగానిది ఇంకొకటి. రెంటి మధ్యా నిలబడే మనిషిని పెట్టకపోతే, ప్రారంభోత్సవం నాటి ఫొటోలోనే ఆ తోట పచ్చగా ఉంటుంది.

అమెరికాలో ఈ ఎడం మరీ ఎక్కువ. తరగతులు మే, జూన్‌లకల్లా ముగుస్తాయి, టమాటా విరగపండేది జులై, ఆగస్టుల్లో. 2003లో ఎకరం నేలలో తోట మొదలుపెట్టిన యేల్ విశ్వవిద్యాలయం వేసవిలో కొందరు విద్యార్థులను జీతమిచ్చి అక్కడే ఉంచుకుంది. కాలిఫోర్నియాలోని శాంటా క్రజ్ విశ్వవిద్యాలయం కథ ఇంకా పాతది. అలన్ చాడ్విక్ అనే ఇంగ్లండు తోటమాలి (అంతకుముందు రంగస్థల నటుడట, ఆ పోకడ కాస్త మిగిలే ఉంటుంది) 1967లో అక్కడి వాలు నేలమీద పార పట్టాడు. పారలోతు మట్టి తీసి పక్కన పెట్టి, అడుగున మరో పారలోతు గుల్ల చేయడం ఆయన పద్ధతి. యంత్రాల ఊసే లేదు. కుర్రకారు ఆయన వెంటపడ్డారు. కొన్నేళ్ళకే ఆయన వెళ్ళిపోయాడు, తోట మాత్రం ఉంది. వట్టి ఆకర్షణే అయితే ఆయనతోనే పోయేది. శిక్షణ కార్యక్రమం, దాన్ని నడిపే సిబ్బంది ఏర్పడ్డారు కాబట్టి నిలిచింది.

మనకు అంత చిక్కు లేదు. తొలకరి, కొత్త విద్యాసంవత్సరం దాదాపు కలిసే వస్తాయి. నీళ్ళు కరువయ్యే ఎండాకాలంలోనే పిల్లలు ఇళ్ళకు పోతారు, మడి బీడుగా ఉన్నా నష్టం లేదు. దసరాలాంటి నడిమి సెలవులకే ఒక తోటమాలి కావాలి. జీతగాణ్ణి పెడితే అది పిల్లల తోట ఎలా అవుతుందంటారా? లైబ్రేరియన్ జీతం తీసుకుంటున్నాడని పుస్తకాలు పిల్లలవి కాకుండా పోయాయా? మెస్సుకు దిగే కూరగాయల బస్తాల ముందు నాలుగు మళ్ళ కాపు ఏ మూలకు అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. ఏ మూలకూ రాదు. కానీ సాయంత్రం విచ్చే బీరపువ్వు వెనక బుల్లి పిందె ఉంటే అది ఆడపువ్వని చూపించే మడి, ఏ టైంటేబుల్లోనూ లేని గంటకు మనిషిని అక్కడికి రప్పిస్తుంది. అయితే తోటమాలికీ ఒక ఊరుంటుంది, అతనికీ దసరా కావాలి. ఆ పది రోజులకు ఇళ్ళకు పోని పరిశోధక విద్యార్థులు, దూర రాష్ట్రాల పిల్లలు వంతులు వేసుకోవచ్చు. ఆ పది రోజుల బెండకాయలూ వాళ్ళవే.