రెండు నిమిషాల ప్రోగ్, పదిహేడు నిమిషాల పంక్

జాన్ లైడన్ టీషర్ట్ కథ రాక్ వినేవాళ్లలో చాలామందికి తెలుసు. పింక్ ఫ్లాయిడ్ బొమ్మ ఉన్న టీషర్ట్ కొనుక్కుని, దాని మీద ‘నాకు అసహ్యం’ అని అర్థం వచ్చేలా చేత్తో రాసుకుని లండన్ వీధుల్లో తిరిగేవాడు. 1975లో ఆ టీషర్ట్ చూసే అతన్ని సెక్స్ పిస్టల్స్‌లో పాడటానికి పిలిచారు. పేరు జానీ రాటెన్ అయింది. అప్పట్నుంచి ఒక లెక్క స్థిరపడిపోయింది: ప్రోగ్ ఒక పార్టీ, పంక్ ఇంకో పార్టీ. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి.

కానీ అదే లైడన్ 1977 జులైలో లండన్ క్యాపిటల్ రేడియోకి వెళ్లి తనకిష్టమైన రికార్డులు వినిపించాడు. అందులో పీటర్ హామిల్ పాటలున్నాయి. హామిల్ ఎవరనుకున్నారు? వాన్ డెర్ గ్రాఫ్ జనరేటర్ గాయకుడు. పక్కా ప్రోగ్ మనిషి. జర్మన్ బ్యాండ్ క్యాన్ కూడా ఆ జాబితాలో ఉంది. పింక్ ఫ్లాయిడ్ మీద నిజంగా ద్వేషమేమీ లేదని కొన్నేళ్ల తర్వాత లైడనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

నేను ప్రోగ్ పార్టీవాణ్ణి. ఇప్పటికీ అంతే. ఈ వ్యాసం కూడా ఆ పార్టీలో ఉన్నవాళ్ల కోసమే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇరవై నిమిషాల పాట మధ్యలో లేవకుండా వినేవాళ్లు, తాళం ఎక్కడ మారిందో వేళ్లతో లెక్కపెట్టేవాళ్లు, పంక్ అనగానే ‘మూడు కార్డ్స్, అరుపులు, అంతేగా’ అనేవాళ్లు మీ చుట్టూ ఉంటే వాళ్లకి పంపించండి.

ముందు రెండు ముక్కల్లో నేపథ్యం

1970ల మొదట్లో ఇంగ్లండ్‌లో యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ లాంటి బ్యాండ్లు రాక్ పాటని సాగదీసి పెద్ద కట్టడంలా మార్చేశాయి. యెస్ 1972లో చేసిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పాట ఒక్కటే పద్దెనిమిది నిమిషాల పైన ఉంటుంది. మరుసటి ఏడాది వాళ్లే నాలుగే నాలుగు పాటలతో డబుల్ ఆల్బమ్ చేశారు. దానికి ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలుసా? పరమహంస యోగానంద రాసిన ‘ఒక యోగి ఆత్మకథ’లో పేజీ కింద ఉన్న ఒక చిన్న వివరణలో. గాయకుడు జాన్ ఆండర్సన్ అది చదివి, దాని మీద ఎనభై నిమిషాల సంగీతం కట్టించాడు.

1976లో న్యూయార్క్ నుంచి రామోన్స్ తొలి ఆల్బమ్ వచ్చింది. 14 పాటలు, మొత్తం కలిపి అరగంట కూడా లేదు. యెస్ పాట రెండుసార్లు వినేలోపు రామోన్స్ ఆల్బమ్ అయిపోతుంది. పాట అంటే ఇంత తేలికా అని ఎంతోమంది కుర్రాళ్లు గిటార్లు పట్టుకున్నారు. 1977 జనవరిలో మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్ అప్పు తెచ్చిన ఐదొందల పౌండ్లతో నాలుగు పాటల రికార్డు తామే వేసుకుంది. కంపెనీ పిలుపు కోసం ఆగలేదు.

మా పద్నాలుగు నిమిషాలు

ఈ ‘ఆగలేదు’ అన్న మాట దగ్గరే నాకు పంక్‌తో పని పడింది.

ఇంజినీరింగ్‌లో ఉండగా మేం నలుగురం ఒక బ్యాండ్ పెట్టుకున్నాం. నాది కీబోర్డ్. హైదరాబాద్‌లో గంటకింత అని జామ్ రూమ్ అద్దెకి తీసుకుని ఆదివారాలు వాయించేవాళ్లం. మూడేళ్లు చేశాం. మొత్తం మీద ఒకే పాట. పద్నాలుగు నిమిషాలది. మధ్యలో ఏడు అక్షరాల లెక్కలో ఒక భాగం ఉంది, మన మిశ్ర చాపులాగా. అది ఒకసారి కుదిరితే రెండోసారి జారిపోయేది. కాలేజ్ ఫెస్ట్‌లో వాయించమని అడిగితే ‘ఇంకా రెడీ కాలేదు’ అన్నాం. మరుసటి ఏడాదీ అదే జవాబు. తర్వాత మా డ్రమ్మర్‌కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. గిటారిస్ట్ ఎమ్మెస్‌కని వెళ్లిపోయాడు. ఒక్క షో కూడా ఇవ్వకుండానే బ్యాండ్ ఆగిపోయింది.

ఆ మూడేళ్లు వృథా అని నేను అనను. ఏడులో ఎలా ఊపిరి తీసుకోవాలో నాకు ఆ గదే నేర్పింది. కానీ వెళ్లిపోయిన ఆర్నెల్లకి ఒక రాత్రి డ్రమ్మర్ ఫోన్ చేసి అన్న మాట లోపల గుచ్చుకుపోయింది.

“మన పాట విన్నవాళ్లు ఎంతమంది రా?”

“మనం నలుగురం, జామ్ రూమ్ అన్న.”

“ఐదుగురు. మూడేళ్లకి ఐదుగురు.”

నవ్వుకున్నాం గానీ, ఇద్దరికీ నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేశాక వాడొక ఆల్బమ్ లింక్ పంపాడు. ‘నీ కోసమే చేసినట్టుంది విను’ అని.

టెలివిజన్, వైర్

ఆ లింక్ టెలివిజన్ అనే బ్యాండ్‌ది. 1977 ఫిబ్రవరిలో వచ్చిన ‘మార్కీ మూన్’. రామోన్స్ వాయించిన న్యూయార్క్ క్లబ్ సీబీజీబీలోనే వీళ్లూ పెరిగారు. టైటిల్ పాట దాదాపు పది నిమిషాలు. టామ్ వెర్లేన్, రిచర్డ్ లాయిడ్ ఇద్దరి గిటార్లు. ఒకడు ఒక చిన్న ముక్క పట్టుకుని ఊపుతుంటే రెండోవాడు ఆ ఖాళీలో సరిగ్గా ఇంకో ముక్క పెడతాడు. తాళం ఎక్కడ మొదలైందో మొదటిసారి వింటే దొరకదు. డ్రమ్స్ వచ్చి చేరాక ‘ఓహో, ఇదా ఒకటి’ అనిపిస్తుంది. సోలో మెల్లగా మెట్లెక్కి పైకెళ్లి, విరిగిపోయి, మళ్లీ మొదటికొస్తుంది. ప్రోగ్‌లో మనం వెతుక్కునే సుఖం మొత్తం ఇందులో ఉంది. కాకపోతే మెలోట్రాన్ లేదు, కోటలు, రాజులు లేరు, పట్టు దుస్తులు లేవు. నలుగురు మనుషులు, రెండు గిటార్లు, ఒక వీధి.

ఇంకో సంగతి. ఆ పదినిమిషాల పాట ఒకే టేక్. డ్రమ్మర్ బిల్లీ ఫిక్కా అది రిహార్సలే అనుకుని వాయించాడట. రిహార్సల్ అనుకున్నదే రికార్డయి నిలబడిపోయింది. మాకు మూడేళ్లూ రిహార్సలే కాబట్టి ఈ కథ చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

వైర్ దగ్గరికొస్తే పద్ధతి తిరగబడుతుంది. 1977లో వచ్చిన ‘పింక్ ఫ్లాగ్’లో 21 పాటలు, మొత్తం ముప్పై ఐదు నిమిషాలు. కొన్ని ఒక్క నిమిషం కూడా ఉండవు. చెప్పాల్సిన మాటలు అయిపోతే పాట ఆగిపోతుంది, అదే వాళ్ల సూత్రం. పల్లవి మళ్లీ పాడాలన్న రూలే లేదు. మొదట ఇది ప్రోగ్‌కి పూర్తి వ్యతిరేకం అనిపిస్తుంది. ఒకసారి ఆల్బమ్ మొత్తాన్ని ఆపకుండా వినండి. 21 పాటలు కాదు, 21 గదులున్న ఒకే ఇల్లు. పొడవాటి ప్రోగ్ సూట్‌లో భాగాలు మారినట్టే మారతాయి. అందుకే దీన్ని నేను రెండు నిమిషాల ప్రోగ్ అంటాను.

1978లో ‘చెయిర్స్ మిస్సింగ్’కి వచ్చేసరికి సింథసైజర్లు చేరాయి, పాటలు నెమ్మదించాయి, చలికాలం పొగమంచులాంటి శబ్దం వచ్చింది. 1979లో ‘154’ ఇంకా దూరం వెళ్లింది. అప్పటిదాకా ఇచ్చిన షోల లెక్కే ఆ పేరు. (అవును, 154 షోలు. మాది సున్నా.) ఈ మూడు ఆల్బమ్‌లూ హార్వెస్ట్ అనే లేబుల్ మీద వచ్చాయి. ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ బ్రిటన్‌లో విడుదలైంది కూడా ఆ లేబుల్ మీదే. శత్రువులనుకున్నవాళ్లు ఒకే గూటి పక్షులు.

గోడ దూకినవాళ్లు

బ్రిటన్‌లో మొదటి పంక్ సింగిల్ ది డ్యామ్‌డ్ బ్యాండ్‌ది, 1976 అక్టోబర్‌లో. వాళ్ల రెండో ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ ఎవరో ఊహించండి. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్! నిజానికి వాళ్లు అడిగింది సిడ్ బారెట్‌ని. వచ్చింది మేసన్. ఆ ఆల్బమ్ పెద్దగా ఎవరికీ నచ్చలేదు, కొన్నాళ్లకి బ్యాండ్ కూడా విడిపోయింది. మళ్లీ కలిశాక 1980లో ‘ది బ్లాక్ ఆల్బమ్’లో ‘కర్టెన్ కాల్’ అనే పాట చేశారు. పదిహేడు నిమిషాలు. ఎల్పీలో ఒక వైపంతా అదే. పంక్ మొదలెట్టినవాళ్లే నాలుగేళ్లలో అక్కడికి చేరారు.

ది స్ట్రాంగ్లర్స్ అయితే దాచుకోనేలేదు. కీబోర్డ్ వాయించే డేవ్ గ్రీన్‌ఫీల్డ్ వేళ్లు పరుగెడుతుంటే డోర్స్, ప్రోగ్ రెండూ గుర్తొస్తాయి. 1977లో వాళ్ల తొలి ఆల్బమ్ చివరి పాట ‘డౌన్ ఇన్ ది స్యూయర్’ నాలుగు భాగాలుగా ఏడున్నర నిమిషాలు నడుస్తుంది. 1981 నాటి ‘గోల్డెన్ బ్రౌన్’ మొదట్లో వచ్చే కీబోర్డ్ ముక్కని వేళ్ల మీద లెక్కపెట్టండి: మూడు, మూడు, మూడు, నాలుగు. పదమూడు! అలాంటి లెక్కతో బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానానికి వెళ్లింది ఆ పాట. నాలాంటి కీబోర్డ్ వాళ్లకి గ్రీన్‌ఫీల్డ్ ఒక ధైర్యం. ఆయన 2020లో పోయారు.

కార్డియాక్స్ గురించి ఒక హెచ్చరిక: మొదటిసారి తల తిరుగుతుంది. టిమ్ స్మిత్ రాసిన పాటల్లో సర్కస్, చర్చి కోరస్, పంక్ వేగం ఒకే నిమిషంలో గుద్దుకుంటాయి. ప్రోగ్, పంక్ కలిపి ‘ప్రాంక్’ అని వీళ్ల సంగీతానికి పేరు కూడా పెట్టారు. 1996లో వచ్చిన డబుల్ ఆల్బమ్ ‘సింగ్ టు గాడ్’ మూడుసార్లు విన్నాక గానీ నాకు తలుపు తెరుచుకోలేదు. 2008లో స్మిత్ తీవ్రంగా జబ్బుపడ్డారు, 2020లో కన్నుమూశారు. అన్నేళ్లూ ఆయన వైద్యం కోసం అభిమానులు, తోటి సంగీతకారులు డబ్బు పోగుచేస్తూనే వచ్చారు.

అట్లాంటిక్ అవతల హస్కర్ డూ 1984లో ‘జెన్ ఆర్కేడ్’ చేశారు. ఇల్లొదిలి వెళ్లిపోయిన ఒక కుర్రాడి కథ, డబుల్ ఆల్బమ్ నిండా. చివర్లో దాదాపు పద్నాలుగు నిమిషాల వాద్య సంగీతం. రికార్డింగ్, మిక్సింగ్ అన్నీ కలిపి సుమారు 85 గంటల్లో ముగించారు. వాళ్ల పద్నాలుగు నిమిషాలకి, మా పద్నాలుగు నిమిషాలకి తేడా ఆ గంటల్లోనే ఉంది.

కెనడా అన్నదమ్ములు రాబ్ రైట్, జాన్ రైట్‌ల నోమీన్స్‌నో వినకపోతే మాత్రం ఊరుకోను. మొదట్లో ఒక బాస్, ఒక డ్రమ్స్, అంతే. 1989 నాటి ‘రాంగ్’ ఆల్బమ్‌లో కింగ్ క్రిమ్సన్ ‘రెడ్’ లాంటి బరువుంది, తాళాలు కత్తిరించినట్టు మారతాయి, అయినా పాట పరుగు ఆపదు.

అరుపు వెనకాల

‘అంతా బాగుంది గానీ ఆ అరుపులు నా వల్ల కాదు’ అంటారు కొందరు ఫ్రెండ్స్. న్యాయమే. ప్రోగ్‌లో గొంతు కూడా ఒక వాద్యం, శ్రుతిలో ఉండాలి. పంక్‌లో గొంతు మనిషి ఉన్నాడనడానికి సాక్ష్యం. మన జానపదం విన్న చెవికి ఇది కొత్తేమీ కాదు. ఊళ్లో డప్పు పక్కన పాడేవాళ్ల గొంతు నున్నగా ఉండాలని ఎవరూ అడగరు కదా. నేను మొదట డ్రమ్స్, బాస్ మాత్రమే పట్టించుకుని విన్నాను. పదిరోజులకి గొంతు దానంతటదే దగ్గరకొచ్చింది.

మొదలెట్టడానికి సులువైన మెట్లు కావాలంటే ఇలా వినండి. గ్రీన్ డే 2004లో చేసిన ‘జీసస్ ఆఫ్ సబర్బియా’ మీ ప్లేలిస్ట్‌లో ఈపాటికే ఉండొచ్చు. అది తొమ్మిది నిమిషాలు, ఐదు భాగాలు, అంటే మీరు ఆల్రెడీ గోడెక్కేశారు! తర్వాత ‘మార్కీ మూన్’. ఆ తర్వాత ‘చెయిర్స్ మిస్సింగ్’. అది నచ్చాక స్వీడన్ బ్యాండ్ రిఫ్యూజ్డ్ 1998లో చేసిన ‘ది షేప్ ఆఫ్ పంక్ టు కమ్’. చివరగా టెక్సస్ కుర్రాళ్ల ఎట్ ది డ్రైవ్-ఇన్, దాన్నుంచి విడిపోయినవాళ్లు పెట్టిన ది మార్స్ వోల్టా. వాళ్ల 2003 ఆల్బమ్ దగ్గరికి చేరేసరికి ఏది పంక్, ఏది ప్రోగ్ అని అడగడం మానేస్తారు.

మా సంగతి కూడా చెప్పాలి. డ్రమ్మర్, నేను ఇప్పుడు ఫోన్లోనే పాటలు చేస్తున్నాం. వాడు బెంగళూరులో ప్రాక్టీస్ ప్యాడ్ మీద వాయించి పంపుతాడు, నేను ఇక్కడ కీబోర్డ్ కలుపుతాను. ఒక రూల్ పెట్టుకున్నాం: ఆదివారం మొదలెట్టింది వచ్చే ఆదివారానికి ఎవరో ఒకరికి వినిపించాలి, ఎలా ఉన్నా సరే. ఇప్పటికి తొమ్మిది పాటలయ్యాయి. అన్నిటికన్నా పొడవైనది మూడు నిమిషాలు. అందులో ఏడు అక్షరాల ముక్క ఉంది, ఇంకా అక్కడక్కడా జారుతూనే ఉంది. దాన్ని మా కజిన్ పెళ్లి ముందురోజు రాత్రి మేడ మీద పాతికమందికి వినిపించాను.

ఒక పిన్ని మాత్రం “బానే ఉంది గానీ అప్పుడే అయిపోయిందేంట్రా?” అంది. ఇంత పొగడ్త మా పద్నాలుగు నిమిషాలకి ఎప్పుడూ రాలేదు.