మామూ మీటరు

బోటు ఇంజన్ ఆగిపోతే అందరికీ తెలుస్తుంది. బ్యాటరీకి చార్జింగ్ ఎక్కకపోతే మాత్రం రెండో రాత్రో మూడో రాత్రో, ఇంజన్ ఆపాకగానీ తెలీదు. లైట్లు ఎర్రబడతాయి, వైర్‌లెస్ కీచుమంటుంది, ఆ తర్వాత ఖామోష్. ఒడ్డు కనిపించని చోట ఆ ఖామోషీ ఏమిటో పోయినోళ్లనే అడగాలి.

బందరు గిలకలదిండి హార్బర్లో మా మామూ బోట్ల కరెంటు పని చేస్తాడు. జూన్ 14తో వేట నిషేధం ముగిశాక ఒక బోటు రెండు ట్రిప్పులూ ఇలాగే చీకట్లో తిరిగొచ్చింది. కొత్త బ్యాటరీ వేసినా అంతే. "ఆల్టర్నేటర్ ఖరాబైంది సాయిబు గారూ, మార్చెయ్యండి. తెల్లారి ఎనిమిది మంది పోవాలి" అన్నాడు ఓనరు. కొందరు మిస్త్రీలైతే మారు మాట్లాడకుండా మార్చేసేవాళ్లే.

"జర సబర్ చెయ్యండి" అన్నాడు మామూ. బెల్టు బొటనవేలితో నొక్కాడు, బిగువుగానే ఉంది. ఇంజన్ స్టార్ట్ కాగానే చార్జింగ్ లైటూ ఆరిపోతోంది. ఆ లైటు మీద మామూకి భరోసా లేదు. మీటరు నా చేతికిచ్చాడు.

ఇంజన్ ఆపి చూస్తే బ్యాటరీ దగ్గర 12.0 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 ఉండాలి. రేసు పెంచి, లైట్లన్నీ వేస్తే 12.9. అదే ఆల్టర్నేటర్ ప్లస్‌కీ దాని బాడీకీ మధ్య చూస్తే 14.3!

"దేఖో బేటా, కమాయించేవాడు కమాయిస్తూనే ఉన్నాడు. పైసలే ఇంటికి చేరడం లేదు."

ప్లస్ తీగలో ఈ కొస నుంచి ఆ కొసకి 0.2 పోతోంది. పర్లేదు. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి 1.2! మధ్యలో ఇంజన్ దిమ్మ మీద మీటరు ముల్లు పెడితే దొంగ దొరికాడు. దిమ్మ నుంచి బ్యాటరీకి 0.1 మాత్రమే, మిగిలిందంతా ఆల్టర్నేటర్‌కీ దిమ్మకీ మధ్యే. సెల్ఫ్ బాగానే తిరగడానికీ అదే కారణం, దాని రాస్తా వేరు.

నిషేధం రోజుల్లో ఓనరు శౌక్‌గా ఇంజన్‌కి రంగు వేయించాడు. ఆల్టర్నేటర్ విప్పి, బ్రాకెట్‌కీ దిమ్మకీ పూత పూసి, ఆరాక బిగించారు. రంగులోంచి కరెంటు పోదు. బోల్టుల దగ్గర మిగిలిన కాస్త సందునీ ఉప్పుగాలి తినేసింది.

ఇంకో మాట. చార్జింగ్ ఉందో లేదో చూద్దామని నడుస్తున్న ఇంజన్‌కి బ్యాటరీ తీగ పీకేవాళ్లు ఇంకా ఉన్నారు. డైనమో జమానాలో చెల్లిందేమో. ఆల్టర్నేటర్‌లో డయోడ్లు ఒక్క దెబ్బకి పోతాయి.

మామూ ఇనుము మెరిసేదాకా రంగు గీకాడు. బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి వేరే లావు తీగ లాగి, కొసలకి గ్రీజు పూశాడు. మీటరు చూస్తే, బ్యాటరీ దగ్గర 14.1.

మజూరీ ఎంతన్నాడు ఓనరు. తీగకీ, లగ్గులకీ, గంటన్నర పనికీ లెక్కగట్టి చెప్పాడు మామూ. "అంతేనా!" అని ఓనరు, గీకేసిన కొత్త రంగు వైపు బేజారుగా చూశాడు.